తూకం ఆగిందని రీసెట్ నొక్కేయకండి: కాటా గదిలోని సీరియల్ సర్వర్ డబ్బా సంగతి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకీ విషయం తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో మీ కోల్డ్ స్టోరేజీ. గేటు పక్కన వేబ్రిడ్జి. కాటా గదిలో బరువు చూపించే ఇండికేటర్, దాని వెనక మోక్సా ఎన్‌పోర్ట్ 5110 డబ్బా (ఇండికేటర్ సీరియల్ కేబుల్లో పంపే బరువుని నెట్‌వర్క్‌లోకి మార్చే సీరియల్ సర్వర్), అక్కణ్నుంచి లాన్ వైరు ఆఫీసులోకి. బండి కాటా ఎక్కితే బిల్లింగ్ కంప్యూటర్‌లో బరువు దానంతటదే పడేది. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చి కొత్త రూటర్ పెట్టిన రోజు నుంచి పడటం లేదు. డబ్బా బిగించినతను ఇప్పుడు అందుబాటులో లేడు. డబ్బా ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, తెలీదు, పాస్‌వర్డ్ తెలీదు. పక్కన చిన్న కంతలో రీసెట్ బటన్ కనబడింది, నొక్కేయమంటారా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దండి. నొక్కాల్సి రావచ్చు, కానీ ఏం పోతుందో తెలుసుకుని నొక్కాలి. రీసెట్ కొడితే ఐపీ పోతుందని అందరూ భయపడతారు. ఐపీ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు, పది నిమిషాల పని. పోతే దొరకనివి సీరియల్ సెట్టింగులు: ఇండికేటర్ ఏ వేగంతో మాట్లాడుతుంది, ఎన్ని బిట్లు, పారిటీ (తప్పు పట్టుకోవడానికి జోడించే అదనపు బిట్టు) ఏంటి, డబ్బా ఏ మోడ్‌లో పనిచేస్తోంది. ఇవి చాలాచోట్ల ఏ కాగితం మీదా ఉండవు. పెట్టినతని బుర్రలోనూ, డబ్బాలోనూ మాత్రమే ఉంటాయి. అతను దొరకడంలేదు కాబట్టి మీకు మిగిలిన కాపీ ఆ డబ్బా ఒక్కటే కావచ్చు.

అసలు మీ డబ్బా చెడిపోలేదనే నా నమ్మకం. రూటర్ మారిన రోజే ఆగిందంటే మారింది అడ్రసుల వరస. పాత రూటర్ 192.168.0 వరసలోనో 192.168.1 వరసలోనో ఐపీలు ఇచ్చి ఉంటుంది. కొత్తది ఇంకో వరస ఇస్తుంది, ఉదాహరణకి జియోఫైబర్ రూటర్లు 192.168.29 వరస. బిల్లింగ్ కంప్యూటర్ ఐపీని రూటర్ దగ్గర తీసుకునే పద్ధతిలో, అంటే డీహెచ్‌సీపీలో ఉంటుంది కాబట్టి చప్పుడు లేకుండా కొత్త వరసలోకి వెళ్లిపోయింది. డబ్బాకి మాత్రం మారకుండా ఉండే స్టాటిక్ ఐపీ పెట్టి ఉంటారు, అది పాత వరసలోనే కూర్చుంది. వైర్లు రెండూ ఒకే స్విచ్‌లో ఉన్నా ఒకదానికొకటి కనబడవు. మీ ప్రింటర్ కూడా అదే రోజు ఆగిందేమో చూడండి. ఆగి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఏదైనా ముట్టుకునే ముందు కాటా గదిలోకి వెళ్లి డబ్బా మీద దీపాలు చూడండి. 5110లో రెడీ అని రాసిన దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే లోపల అంతా బాగానే ఉంది. ఎర్రగా మినుకుతుంటే రెండు అర్థాలు: అదే ఐపీని నెట్‌వర్క్‌లో ఇంకొకటి వాడుతోంది, లేదా డబ్బా డీహెచ్‌సీపీలో ఉండి దానికి సరైన జవాబు అందడం లేదు. ఎర్రగా నిలకడగా ఉంటే ఇంకా బూట్ అవుతోంది, కాసేపాగాలి. లింక్ దీపం ఆకుపచ్చైతే 100 ఎంబీపీఎస్, నారింజ రంగైతే 10 ఎంబీపీఎస్. ఏదీ వెలగకపోతే లాన్ వైరు సంగతి చూడాలి.

మూడో దీపం, టీఎక్స్ ఆర్‌ఎక్స్ అని ఉండేది, అన్నిటికంటే ముఖ్యం. సీరియల్ వైపు నుంచి డేటా లోపలికి వస్తుంటే నారింజ రంగులో కొట్టుకుంటుంది, డబ్బా బయటికి పంపుతుంటే ఆకుపచ్చ. మన దగ్గర చాలా ఇండికేటర్లు ఎవరూ అడక్కుండానే బరువుని నిరంతరం పంపే పద్ధతిలో పెట్టి ఉంటాయి. కాటా ఖాళీగా ఉన్నా సున్నాలు పంపుతూనే ఉంటాయి. కాబట్టి ఆ దీపం నారింజ రంగులో ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే ఇండికేటర్, మధ్యలో కేబుల్, డబ్బా సీరియల్ వైపు, ఈ మూడూ బాగున్నట్టే. ఇక ఆ వైపు స్క్రూడ్రైవర్ పెట్టనివ్వొద్దు. మన ఎలక్ట్రీషియన్లకి ముందు కేబుల్ పీకి చూడటం అలవాటు.

ఇప్పుడు ఐపీ. తెలీదన్నారు గానీ అది మీ బిల్లింగ్ కంప్యూటర్‌లోనే ఉంది. ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి తూకం ఎక్కణ్నుంచి తీసుకుంటోందో చూడండి. అక్కడ కామ్ 3, కామ్ 5 లాంటి పోర్టు నంబరు ఉంటే డబ్బా బహుశా రియల్ కామ్ మోడ్‌లో ఉంది. అంటే కంప్యూటర్‌లో మోక్సా డ్రైవర్ వేశారు, అది లేని సీరియల్ పోర్టుని ఉన్నట్టు చూపిస్తోంది. స్టార్ట్ మెనూలో ఎన్‌పోర్ట్ విండోస్ డ్రైవర్ మేనేజర్ అని వెతకండి. తెరిస్తే కామ్ నంబరు, దాని పక్కనే డబ్బా ఐపీ రాసి ఉంటుంది. పాత వెర్షన్లలో ఎన్‌పోర్ట్ అడ్మినిస్ట్రేటర్ అనే ప్రోగ్రాంలో కామ్ మ్యాపింగ్ దగ్గర ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో కామ్ నంబరు బదులు నేరుగా ఐపీ, పక్కన 4001 అని ఉంటే అది టీసీపీ సర్వర్ మోడ్, అంటే సాఫ్ట్‌వేర్ డ్రైవర్ లేకుండా నేరుగా డబ్బాకే కనెక్ట్ అయ్యే పద్ధతి. అప్పుడు ఐపీ కళ్లెదుటే ఉన్నట్టు. ఏది ఉన్నా ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తెర మీది వేగం, బిట్లు, పారిటీ కూడా ఫొటోలో పడాలి.

ఐపీ దొరికితే డబ్బా జోలికి వెళ్లకుండానే పని అయిపోతుంది. ఉదాహరణకి అది 192.168.0.150 అని తేలిందనుకోండి. కొత్త రూటర్ పేజీ తెరిచి దాని సొంత లాన్ అడ్రసుని 192.168.0.1 చేయండి, మాస్క్ 255.255.255.0. పంచే ఐపీల వరసని 192.168.0.2 నుంచి 192.168.0.100 వరకూ కుదించండి, రేపు ఏ ఫోనో వచ్చి 150ని తీసుకోకుండా. రూటర్, కంప్యూటర్ ఒకసారి ఆపి వేయండి. ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డర్, డబ్బా అన్నీ పాత చోటికే వస్తాయి. ప్రతి పరికరాన్నీ విడివిడిగా కొత్త వరసలోకి మార్చుకుంటూ కూర్చోవడం కంటే రూటర్ ఒక్కదాన్ని పాత వరసలోకి తేవడం ఎంతో తేలిక. ఇంటర్నెట్ వేసినతను అలా కుదరదంటే ఒప్పుకోకండి, మామూలుగా అన్ని రూటర్లలోనూ కుదురుతుంది.

ఒక్క మెలిక ఉంది. డబ్బా టీసీపీ క్లయింట్ మోడ్‌లో ఉంటే, కంప్యూటర్ వచ్చి దాన్ని అడగదు, అదే కంప్యూటర్ ఐపీని వెతుక్కుంటూ వెళ్తుంది. అప్పుడు రూటర్ వరస సరిచేసినా కంప్యూటర్‌కి వెనకటి నంబరే రావాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐపీ లేకుండా వినే పోర్టు ఒక్కటే రాసి ఉంటే ఇదేనని అనుమానించండి. కాటాల దగ్గర ఈ పద్ధతి అరుదు.

ఐపీ ఎక్కడా దొరకలేదా? అప్పుడు లాప్‌టాప్ తీసుకుని కాటా గదికే వెళ్లండి. డబ్బాకి వచ్చే లాన్ వైరు తీసి, చిన్న వైరుతో లాప్‌టాప్‌కి నేరుగా కలపండి. వైఫై ఆపేయండి. మోక్సా వాళ్ల సైట్ నుంచి ఎన్‌పోర్ట్ అడ్మినిస్ట్రేటర్ దించుకుని సెర్చ్ కొట్టండి. ఈ వెతుకులాట, వైరు మీద ఉన్న అందరికీ చేరేలా, బ్రాడ్‌కాస్ట్‌గా వెళ్తుంది కాబట్టి డబ్బా వేరే వరసలో ఉన్నా జవాబిస్తుంది, దాని ఐపీతో సహా. ఏమీ కనబడకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో, ఆ కాసేపు ఆపి చూడండి. అదీ కుదరకపోతే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాం తెరిచి, ఏఆర్‌పీ అని ఫిల్టర్ పెట్టి, డబ్బాకి కరెంటు తీసి ఇవ్వండి. ఇలాంటి పరికరాలు చాలావరకు మేలుకోగానే నా ఐపీని ఇంకెవరైనా వాడుతున్నారా అని కేకేస్తాయి, ఆ కేకలోనే ఐపీ ఉంటుంది. మోక్సా డబ్బాల మ్యాక్ అడ్రసు, అంటే తయారీలోనే వేసిన నంబరు, 00-90-ఈ8తో మొదలవుతుంది. డబ్బా స్టిక్కర్ మీదా అదే ఉంటుంది కాబట్టి పొరబడే అవకాశం లేదు.

ఐపీ తెలిశాక లాప్‌టాప్‌కి అదే వరసలో ఇంకో నంబరు పెట్టుకుని బ్రౌజర్‌లో డబ్బా పేజీ తెరవండి. పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి పోనిచ్చిందంటే మీ అదృష్టం. ఒక్కో పేజీ ఫొటో తీసుకోండి: సీరియల్ సెట్టింగులు, ఆపరేటింగ్ సెట్టింగులు, నెట్‌వర్క్. పాస్‌వర్డ్ అడిగితే కంపెనీ నుంచి వచ్చినదే ఉందేమో ఒకసారి వేసి చూడండి. కొత్త ఫర్మ్‌వేర్లలో (డబ్బా లోపల నడిచే సొంత ప్రోగ్రాం) యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కంపెనీ పేరే, రెండూ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో. బాగా పాత ఫర్మ్‌వేర్లలో మొదట పాస్‌వర్డే ఉండదు. పెట్టినతను సొంతంగా ఏదో మార్చేసి ఉంటే మాత్రం తెలుసుకునే దారి లేదు. అప్పుడు రీసెట్టే గతి.

ఆ గతి వచ్చినా ముందు మోడ్ సంగతి తేల్చుకోమన్నది ఇందుకే. రియల్ కామ్ మోడ్‌లో ఉంటే రీసెట్‌తో పెద్దగా పోయేదేం లేదు. ఆ మోడ్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పోర్టు తెరిచినప్పుడల్లా వేగం, బిట్లు, పారిటీ తనే డ్రైవర్‌కి చెప్తుంది, డ్రైవర్ డబ్బాకి చెప్తుంది. డబ్బాలో రాసి ఉన్న వేగం ఏదైనా సరే చెల్లేది సాఫ్ట్‌వేర్ మాటే. అంటే అసలు కాపీ మీ కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. టీసీపీ సర్వర్ మోడ్‌లో అలా కాదు. అక్కడ కంప్యూటర్‌కి బైట్లు వస్తాయే తప్ప అవి ఏ వేగంతో వచ్చాయో దానికి తెలీదు. వేగం సంగతి డబ్బాకొక్కదానికే తెలుసు. రీసెట్ కొడితే ఇక ఎవరికీ తెలీదు. పత్తి జిన్నింగ్ మిల్లు ఒకదానిలో సరిగ్గా ఇదే జరిగింది. కాటా దగ్గర మనిషి ఉత్సాహంగా రీసెట్ కొట్టాడు, ఐపీ మాత్రం చక్కగా పెట్టుకున్నాడు, తెర మీద బరువు బదులు పిచ్చి గీతలు. బయట రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. సాయంత్రందాకా చేత్తో చీటీలు రాసి పంపారు.

మీది టీసీపీ సర్వర్ మోడ్ అయి, పాస్‌వర్డ్ దొరకకపోతే, రీసెట్‌కి ముందే ఇండికేటర్ భాష తెలుసుకోండి. సులువైన దారి ఇండికేటర్ మాన్యువల్, లేదా దాని మెనూలో సీరియల్ విభాగం. చూడటం వరకే, మార్చొద్దు. తూనికలు కొలతల శాఖ వాళ్లు సీలు వేసిన పరికరం అది. బాడ్ రేటు, అంటే ఆ వేగం, కోసమని ఎవరైనా సీలు తెంపి లోపలి స్విచ్ కదిపితే రేపు తనిఖీలో జవాబు చెప్పుకోవాల్సింది మీరు. ఎప్పుడైనా ఇండికేటర్‌కి తగ్గట్టు డబ్బాని మార్చాలి, డబ్బాకి తగ్గట్టు ఇండికేటర్‌ని కాదు.

మాన్యువల్ లేకపోతే వినాలి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే వైరు ఆటోనగర్‌లోనూ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఇండికేటర్ కేబుల్‌ని డబ్బా నుంచి తీసి దానికి పెట్టి, లాప్‌టాప్‌లో పుట్టీ లాంటి టెర్మినల్ తెరవండి. 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని రెండు వైపులా చెప్పుకునే ఏర్పాటు) లేదు. మొదట ఇది. తెర మీద మొత్తం చెత్త వస్తే వేగం తప్పు, 2400కి, 4800కి, 1200కి మార్చుకుంటూ పోండి. నంబర్లు చక్కగా వస్తే అయిపోయింది.

సగం సగం వస్తేనే జనం తికమకపడతారు. వేగం సరైనదే, కానీ ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీలో పంపుతోంది, మీరు 8 బిట్లు, పారిటీ లేకుండా వింటున్నారు. రెండిట్లోనూ అక్షరానికి పట్టే మొత్తం బిట్లు సమానమే కాబట్టి ఎర్రర్ ఏమీ రాదు. పారిటీ బిట్టు ఎనిమిదో బిట్టులా కనబడి కొన్ని అంకెల రూపు మార్చేస్తుంది. అప్పుడు 0, 3, 5, 6, 9 మామూలుగానే కనిపిస్తాయి. 1, 2, 4, 7, 8 మాత్రం ప్లస్ మైనస్ గుర్తులా, చుక్కలా, పైన వేసిన చిన్న 2లా వింత గుర్తులైపోతాయి. 18460 కిలోల లారీ కాటా మీద ఉంటే చివరి 6, 0 సరిగ్గా పడి మొదటి మూడూ పిచ్చిగా ఉంటాయి. కేబుల్ లూజేమో, ఎర్తింగ్ లేదేమో అని రోజులు తిరిగినవాళ్లున్నారు. ఏ అంకెలు చెడుతున్నాయో చూడండి. ఎప్పుడూ అవే ఐదూ చెడుతుంటే కేబుల్ని అనకండి, 7 బిట్లు, ఈవెన్ పెట్టండి. కేబుల్ చెడితే ఇలా లెక్క ప్రకారం చెడదు.

ఇంతా అయ్యాక రీసెట్. బండ్లు లేని వేళ చూసుకోండి. సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లోడ్లు వరసకట్టే పొద్దున పూట ఈ పని పెట్టుకోవద్దు. డబ్బాకి కరెంటు ఉండాలి. టూత్‌పిక్ లాంటి సన్నటి పుల్లతో కంతలోని బటన్ నొక్కి పట్టుకోండి. రెడీ దీపం మినకడం మొదలవుతుంది. చెయ్యి తియ్యొద్దు. సుమారు 5 సెకన్లకి మినకడం ఆగుతుంది, అప్పుడు వదలండి. మధ్యలో వదిలేస్తే పాత సెట్టింగులు అలాగే ఉంటాయి. నొక్కాను గానీ రీసెట్ కాలేదనే వాళ్లలో ఎక్కువమంది చేసేది అదే. మేలుకునే వరకూ కరెంటు తీయకండి.

ఇప్పుడు దాని ఐపీ 192.168.127.254. ఈ మూడో అంకె 127 చూసి పొరపాటు అచ్చు అనుకుని 192.168.1.254 కొట్టేవాళ్లు కోకొల్లలు. అది 127వ వరసే. లాప్‌టాప్‌కి 192.168.127.10, మాస్క్ 255.255.255.0 పెట్టి, గేట్‌వే ఖాళీగా వదిలి, ముందు పింగ్ చేయండి, అంటే కమాండ్ విండోలో పింగ్ అని డబ్బా ఐపీ కొట్టి జవాబొస్తుందేమో చూడండి. జవాబొస్తే బ్రౌజర్.

మార్చాల్సినవి చెప్తాను. నెట్‌వర్క్‌లో స్టాటిక్ ఎంచుకుని మీ ఆఫీసు వరసలో, రూటర్ పంచే పరిధికి బయట ఒక ఐపీ. దీన్ని డీహెచ్‌సీపీకి వదిలేయొద్దు, నంబరు మారిన రోజు మళ్లీ ఇదే కథ. సీరియల్ సెట్టింగుల్లో మీరు విని తెలుసుకున్న వేగం, బిట్లు, పారిటీ. ఫ్లో కంట్రోల్ నన్, అంటే ఏదీ వద్దని. కాటా కేబుళ్లలో మామూలుగా మూడే తీగలుంటాయి, 9 పిన్నుల కనెక్టర్‌లో 2, 3, 5. ఫ్లో కంట్రోల్‌కి కావలసిన 7, 8 తీగలే ఉండవు. ఫ్లో కంట్రోల్‌ని ఆర్‌టీఎస్ సీటీఎస్ అని వదిలేస్తే బరువు వస్తుంది గానీ కంప్యూటర్ నుంచి ఇండికేటర్‌కి కమాండు వెళ్లదు, జీరో చేయమన్నా వినదు. ఆపరేటింగ్ మోడ్ ఇదివరకు ఏదుంటే అదే. చివర్లో సేవ్, రీస్టార్ట్ నొక్కడం మర్చిపోకండి. పేజీలో సబ్మిట్ కొట్టి కిటికీ మూసేస్తే మార్పులు అమల్లోకి రావు.

టీసీపీ సర్వర్ మోడ్ వాళ్లకి ఇంకో రెండు ఉన్నాయి, ఇవి సరిచేయకపోతే వారం తర్వాత మళ్లీ ఫోన్ చేస్తారు.

ఒకటి, టీసీపీ అలైవ్ చెక్ టైం, అంటే అవతలి కంప్యూటర్ ఇంకా ఉందో లేదో డబ్బా చూసుకునే గడువు. కంపెనీ నుంచి 7 నిమిషాలుగా వస్తుంది. మ్యాక్స్ కనెక్షన్, అంటే ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఒప్పుకోవాలన్నది, 1 ఉంటుంది. ఆఫీసులో కరెంటు పోయి కంప్యూటర్ టప్పున ఆగిందనుకోండి, కాటా గదిలో యూపీఎస్ ఉంది కాబట్టి డబ్బా బతికే ఉంది. దానికి కంప్యూటర్ పోయిన సంగతి తెలీదు, పాత కనెక్షన్ పట్టుకునే ఉంటుంది. రెండు నిమిషాల్లో కరెంటొచ్చి కంప్యూటర్ లేచి అడిగితే ఖాళీ లేదంటుంది. ఏడు నిమిషాల తర్వాత దానంతటదే బాగవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా కాసేపు తూకం రాదు, తర్వాత అదే వస్తుంది అని చాలామంది చెప్పే జబ్బు ఇదే. ఆ విలువని 1 చేయండి. మ్యాక్స్ కనెక్షన్ 2 చేస్తే కూడా తీరుతుంది గానీ నాకు నచ్చదు, రెండో కంప్యూటర్ ఎవరో తగిలించినా తెలియదు.

రెండోది డేటా ప్యాకింగ్. ఇండికేటర్ బరువుని ఒక వరుసగా పంపుతుంది, చివర్లో సాధారణంగా సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు గుర్తులు, వాటి కోడ్లు 0డీ, 0ఏ. డబ్బా మాత్రం వచ్చిన బైట్లు వచ్చినట్టు పంపేస్తుంది. దాంతో ఒక్కోసారి 18460 రెండు ముక్కలై, మొదటి ప్యాకెట్‌లో 184, రెండోదాంట్లో 60 వెళ్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే కలుపుకుంటుంది. మామూలుగా రాసిన సాఫ్ట్‌వేర్ 60 కిలోల లారీ అని చీటీ కొడుతుంది. డెలిమిటర్ అంటే వరుస ముగింపు గుర్తు; డెలిమిటర్ 1లో 0డీ, డెలిమిటర్ 2లో 0ఏ రాసి రెండూ ఎనేబుల్ చేస్తే ఆ రెండూ వరసగా వచ్చాకే ప్యాకెట్ బయటికి వెళ్తుంది. మీ ఇండికేటర్ వరుస దేనితో ముగుస్తుందో టెర్మినల్‌లో హెక్స్ చూపించే సౌకర్యంతో చూసుకోండి. కొన్ని ఒక్క సీఆర్‌తోనే ఆపుతాయి, కొన్ని 03తో. లేని గుర్తు కోసం ఎదురుచూసేలా పెడితే డబ్బా తన బఫర్ నిండేదాకా ఏమీ పంపదు, తర్వాత పాత తూకాలన్నీ గుంపుగా పంపుతుంది. అది ఇంకా ప్రమాదం, ముందు బండి బరువు వెనక బండికి పడుతుంది.

రియల్ కామ్ వాళ్లు డబ్బా ఐపీ మారితే డ్రైవర్ మేనేజర్‌లోనూ మార్చాలి. మ్యాపింగ్ తీసేసి కొత్తగా పెడితే కామ్ నంబరు మారకుండా చూసుకోండి. కాటా సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ చాలా వీబీ6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే, వాటిలో సీరియల్ పోర్టు తెరిచే ఎంఎస్‌కామ్ కంట్రోల్ 16కి మించిన పోర్టు తీసుకోదు. కామ్ 21 అని వచ్చిందని డబ్బాని తిట్టుకోకండి.

ఇది చదివేవాళ్లలో మోక్సా లేనివాళ్లకి రెండు ముక్కలు. లాంట్రానిక్స్ యూడీఎస్ డబ్బాలైతే మ్యాక్ 00-20-4ఏతో మొదలవుతుంది, డేటా పోర్టు 10001, సెట్టింగులు కమాండ్లు కొట్టే టెల్నెట్‌లో 9999. కనెక్ట్ కాగానే వెంటనే ఎంటర్ కొట్టాలి, ఆలస్యమైతే తలుపు మూసేస్తుంది. ఐపీ తెలియకపోతే సీరియల్ పోర్టుకి లాప్‌టాప్ కలిపి, 9600, 8, నన్, 1లో, కరెంటు ఇస్తూనే ఇంగ్లీషు చిన్నక్షరం ఎక్స్‌ని మూడుసార్లు గబగబా పంపితే మెనూ వస్తుంది, ఏదీ చెరిగిపోదు. యూఎస్‌ఆర్ వారి చవక డబ్బాలకి మొదటి ఐపీ 192.168.0.7, యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మినే. చాలా ఇళ్ల రూటర్లు అదే వరసలో ఉంటాయి కాబట్టి ఐపీలు కొట్టుకునే ప్రమాదం వీటికి ఎక్కువ.

మీరు పంపిన ఫొటోలో డబ్బా రేకు పెట్టెలో, కిటికీ లేని కాటా గదిలో కనబడుతోంది. 5110 మామూలు మోడల్ పనిచేసేది 55 డిగ్రీల వరకు. గుంటూరు మే నెలలో రేకుల కప్పు కింద మూసిన పెట్టెలో ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టీ అనే అక్షరం చివర ఉన్న మోడల్ 75 వరకు తట్టుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు అది అడగండి, ఇప్పటికి పెట్టె తలుపు తీసి గాలి ఆడనివ్వండి. మిర్చి దుమ్ము పడకుండా పల్చటి ఫిల్టర్ గుడ్డ చాలు. డబ్బాకి 12 నుంచి 48 వోల్టుల డీసీ కావాలి. అడాప్టర్ పోయిందని సీసీ కెమెరా 12 వోల్టులది పెట్టుకోవచ్చు, సెట్‌టాప్ బాక్సులకి వచ్చే 5 వోల్టులది పెడితే లేవదు.

చివర్లో మీరు ఇంకో మాట అడిగారు: యజమాని గారు బృందావన్ గార్డెన్స్‌లో ఇంటి నుంచే తూకాలు చూడాలంటున్నారు, రూటర్‌లో 4001 పోర్టు బయటికి తెరవమంటారా అని. వద్దు. 4001లో పాస్‌వర్డ్ ఉండదు, తలుపు తడితే చాలు బైట్లు వస్తాయి, పోతాయి కూడా. ఇండికేటర్‌కి కమాండ్లు పంపే దారి కూడా అదే. డబ్బా వెబ్ పేజీ తెరిచిపెట్టడం ఇంకా ఘోరం. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో సైబర్ దాడితో సుమారు 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయినప్పుడు, దాడి చేసినవాళ్లు సబ్‌స్టేషన్లలోని ఇలాంటి సీరియల్ నుంచి ఈథర్నెట్‌కి మార్చే పరికరాల ఫర్మ్‌వేర్‌నే పాడుచేశారు. దూరం నుంచి బ్రేకర్లు వేయడానికి వీల్లేకుండా పోయి మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో వేయాల్సొచ్చింది. మీ కాటా మీద అంత కసి ఎవరికీ ఉండదులెండి, కానీ ఇంటర్నెట్‌లో తెరిచిన పోర్టులు వెతికే ప్రోగ్రాములు ఎవరి కాటానో చూసి తట్టవు. యజమాని గారికి తూకం చూపించాలంటే బిల్లింగ్ కంప్యూటర్ నుంచి రిపోర్టు పంపండి, లేదా వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి, పెట్టండి.

అంతా సర్దుకున్నాక ఎన్‌పోర్ట్ అడ్మినిస్ట్రేటర్‌లో ఎక్స్‌పోర్ట్ కాన్ఫిగరేషన్ కొట్టి ఫైలు దాచుకోండి. డబ్బా మీద ఐపీ, మోడ్, వేగం, పారిటీ రాసిన చిన్న కాగితం అతికించండి. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయకండి, ఆఫీసు తాళాల రిజిస్టర్లో రాయండి. లారీ డ్రైవర్లు తూకం చూసుకోవడానికి అందరూ నిలబడే గది అది.

ఇప్పటికి మీరు చేయాల్సింది రెండే. టీఎక్స్ ఆర్‌ఎక్స్ దీపం నారింజ రంగులో కొట్టుకుంటోందా, డ్రైవర్ మేనేజర్‌లో లేదా బిల్లింగ్ సెట్టింగుల్లో ఐపీ ఏముంది. ఆ రెండూ ఇక్కడ రాయండి, కొత్త రూటర్ ఏ వరస ఇస్తోందో కూడా. రూటర్‌లో ఏ నంబరు ఎక్కడ పెట్టాలో చెప్తాను.